జనవరి ఒకటిన ఈ ఇంట్లో ఎవరున్నారు

2010 జనవరి 5, మంగళవారం

సిటీ హాల్ నుంచి ఆ కాగితం వచ్చింది. ఏటా ఇదే నెలలో ఇంటింటికీ వస్తుంది. జనవరి ఒకటో తేదీన ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో పేర్లు సరిచూసి, సంతకం పెట్టి పంపాలి. అబద్ధం రాస్తే శిక్ష ఉంటుందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాకు రెండు పేర్లే, మా ఆయన కార్మైన్, నేను. వాళ్ళే అచ్చు వేసి పంపారు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను.

ఈ కాగితాల నుంచే ఓటర్ల జాబితా తయారవుతుంది. పందొమ్మిదేళ్ళుగా ఎన్నికల రోజున ఆ జాబితా ముందు కూర్చునేదాన్ని కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోను. మూడేళ్ళ కిందట మా వీధి చివర చనిపోయిన ముసలాయన పేరు అలాగే ఉండిపోతే పట్టుకున్నది నేనే. ఆయన భార్య ఏడ్చింది, ఉండనీయమ్మా ఎవరికి నష్టం అంది. తీయించాను. నేను అలాంటిదాన్ని. తమ్ముడు నార్మండ్ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నన్ను ఏడిపిస్తాడు.

ఈ నెల పందొమ్మిదిన ఎన్నిక. ఆగస్టులో పెద్ద సెనేటర్ పోయాడు, ఆయన సీటుకి. గెలిచేది మా పార్టీయే అని మసాచుసెట్స్‌లో పసిపిల్లని అడిగినా చెబుతుంది. సిటీ క్లర్క్ థెల్మా ఫోన్ చేసి, ఈగలు తోలుకోవడమేనే యెవెట్, అల్లిక పని తెచ్చుకో అంది. ఈసారి నన్ను మా వార్డు వాళ్ళు ఓటేసే మా బడిలో కాకుండా నది అవతల ఫైర్ స్టేషన్‌లో పోలింగ్ పనికి వేసింది. అక్కడ పనిచేస్తే మా వార్డుకి వచ్చి ఓటేసే వీలుండదు, ముందే సిటీ హాల్‌కి వెళ్ళి వేసుకోవాలి. వేస్తాలే, రెండు వారాలుందిగా అన్నాను.

జనవరి 9, శనివారం

శనివారం కాబట్టి బీన్స్. శనివారం కాబట్టి మా తమ్ముడు. రాష్ట్రం సరిహద్దు మా ఇంటికి ఆరు మైళ్ళు, దాని అవతల న్యూ హాంప్‌షైర్‌లో రెండు మైళ్ళు పోతే నార్మండ్ ఉండే ట్రైలర్ ఇల్లు. పెట్టెల ఫ్యాక్టరీ మూతపడ్డాక చలికాలం జనాల వాకిళ్ళలో మంచు తోస్తూ, వేసవిలో గడ్డి మిషన్లు బాగుచేస్తూ ఒక్కడే బతుకుతున్నాడు. వస్తూనే మొదలెట్టాడు. అక్కా, మీ రాష్ట్రంలో తుమ్మితే కూడా పన్నంటగా, బావా, నువ్వొకసారి తుమ్ము, ఎవరొస్తారో చూద్దాం అన్నాడు. కార్మైన్ నిజంగానే తుమ్మాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

హీటర్ మండిపోతున్నా వాడు మెడకి మఫ్లర్ తీయలేదు. బీన్స్ కుండ మీదికి వంగినప్పుడు జారింది. దవడ కింద, ఎడమవైపు. పిట్టగుడ్డంత గడ్డ.

ఆరేళ్ళ కిందట కూడా ఎడమవైపే వచ్చింది. అప్పుడు ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ ఉంది, కీమో ఇచ్చారు, తగ్గింది. ఇప్పుడు ఏ ఇన్సూరెన్స్ కంపెనీ అయినా క్యాన్సర్ అన్న ఆ ఒక్క మాట చూసి దరఖాస్తు తిప్పి పంపుతుంది. వాళ్ళ రాష్ట్రంలో జబ్బు మనుషులకని వేరే ఏర్పాటు ఉందిగానీ, దాని ప్రీమియం వాడి ఇంటి ఖర్చంతా కలిపినా సరిపోదు, పైగా పాత జబ్బుకి తొమ్మిది నెలలు ఏమీ ఇవ్వరు.

కార్మైన్ టీవీ ముందుకి వెళ్ళాక సింక్ దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. ఎన్నాళ్ళయిందిరా అన్నాను. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నుంచి అన్నాడు. డాక్టర్‌కి చూపించావా అంటే నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఇప్పుడు పోతే కాగితం మీద పడుద్ది అక్కా, కాగితం మీద పడనంతవరకు ఇది గడ్డ కాదు, నా మెడే అన్నాడు. వాడి లెక్క వాడికుంది. వాషింగ్టన్‌లో ఆరోగ్య బిల్లు నెలాఖరుకి పాసవుతుందట. పాసైన మూడు నెలలకి వాడిలాంటి వాళ్ళకి ఎవరూ కాదనకుండా ఇన్సూరెన్స్ ఇచ్చే ఏర్పాటు ఒకటి అందులో ఉందట. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళతాడట. అందాకా ఎవరికీ చూపించడట. మీ అరవయ్యో మనిషి వెళ్ళి కుర్చీలో కూర్చుంటే చాలక్కా, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు.

సెనేట్‌లో అరవై మంది ఉంటేనే బిల్లు ముందుకి కదులుతుంది. అరవయ్యో కుర్చీ మాది.

వసంతం దాకా అది ఆగుద్దా అని అడిగాను. దాన్నే అడుగు అని మెడ చూపించాడు.

మా రాష్ట్రంలో ఈ గొడవే లేదు. నాలుగేళ్ళ కిందటే చట్టం చేశారు, ఇక్కడ ఉండేవాడికి ఏ జబ్బున్నా ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలి. ఎనిమిది మైళ్ళు ఇటు జరిగితే అయిపోయేదానికి వాషింగ్టన్ దాకా ఎందుకురా, ఇక్కడికి వచ్చెయ్ అన్నాను. నేను ఆ రాష్ట్రం మనిషినక్కా అన్నాడు. వాళ్ళ కారు ప్లేట్ల మీద రాసి ఉంటుంది, స్వేచ్ఛగా బతుకు లేదా చావు అని. రెండోది బాగానే చేస్తున్నావురా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

బావకి చెప్పకు అన్నాడు. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

జనవరి 13, బుధవారం

పొద్దున రోటరీ కూడలి దగ్గర బోర్డులు పట్టుకుని నిలబడేవాళ్ళని లెక్కపెట్టాను. మనవాళ్ళు నలుగురు. పికప్ ట్రక్కులో ఊరూరూ తిరుగుతున్న అవతలి అభ్యర్థి తరఫున ఇరవై మంది పైనే. ఈ చలిలో. మనవాళ్ళలో ఒకావిడ బోర్డు తలకిందులుగా పట్టుకుంది.

బడి క్యాంటీన్‌లో కూడా అదే మాట. నాతో వడ్డించే ఆవిడ, ఇక్కడ మనకి ఉందిగా ఇన్సూరెన్స్, దేశం మొత్తానికి మనమెందుకు పన్ను కట్టాలి అంది. చికెన్ ముక్కలు వడ్డిస్తూ పోయాను.

జనవరి 15, శుక్రవారం

డ్యూటీ అయ్యాక ఓటేద్దామని సిటీ హాల్‌కి వెళ్ళాను. మెట్ల దాకా లైను. ముందస్తు ఓటుకి ఎప్పుడూ ముగ్గురో నలుగురో ముసలివాళ్ళుంటారు. ఇవాళ కుర్రవాళ్ళు, పని బూట్లతో వచ్చినవాళ్ళు. నా కాళ్ళు పీకుతున్నాయి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువుంది కదా అని తిరిగి వచ్చేశాను.

జనవరి 18, సోమవారం

పొద్దున పదింటికి నార్మండ్ ఫోన్. గొంతు బాగాలేదు. జలుబు అన్నాడు. సూప్ డబ్బాలో పోసుకుని వెళ్ళాను.

ట్రైలర్‌లో అటూ ఇటూ తాడు కట్టి దుప్పట్లు ఆరేశాడు. మూడు దుప్పట్లు. ఈ చలిలో దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? ఉతకలేదు, చెమట. రాత్రిళ్ళు పట్టేస్తోందట. పోయినసారి కూడా ఇలాగే. వాడు సూప్ తాగుతూ టీవీలో మా ఎన్నిక గురించే చూస్తున్నాడు. న్యూ హాంప్‌షైర్ మనిషి, మా అభ్యర్థి ఎక్కడెక్కడ తిరుగుతోందో నాకన్నా ఎక్కువ తెలుసు. రేపు గెలుస్తారుగా అక్కా అన్నాడు. వాడు ఇంతవరకు నన్ను ఏదీ అలా అడగలేదు. గెలుస్తార్రా, యాభై ఏళ్ళ సీటు అన్నాను.

గడియారం చూసేసరికి పన్నెండూ పది.

గడువు అయిపోయింది. ఫర్వాలేదు. ఒక్క ఓటు.

జనవరి 19, మంగళవారం, ఉదయం 5

మంచు. చెమ్మ మంచు, బూటుకి అంటుకునే రకం. ఎవరూ రారు. అల్లిక సంచిలో పెట్టుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 2

ఐదు నిమిషాలు బ్రేక్. అల్లిక సంచి తీయనే లేదు. ఏడింటికి తలుపు తీసేసరికే ఫైర్ ఇంజన్ షెడ్డు దాటి లైను. మా పద్ధతి ఏమిటంటే ఓటరు వీధి, ఇంటి నంబరు, పేరు చెప్పాలి, అది నేను గదిలో అందరికీ వినపడేలా గట్టిగా తిరిగి చెప్పాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అక్కడే చెప్పాలి. అప్పుడే పేరు పక్కన గీత. పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పదేళ్ళుగా గీత పడని పేర్లు ఇవాళ పడుతున్నాయి. అందరూ ఏదో కోపంగా ఉన్నారు. నాతో మర్యాదగానే ఉన్నారు, థాంక్యూ మేడమ్ అంటున్నారు. ఆ మర్యాదే నాకు భయంగా ఉంది.

అదే రోజు, రాత్రి 10

ఎనిమిదింటికి తలుపులు మూశాం. యంత్రంలోంచి టేపు వచ్చింది. మా బూత్ పెద్ద వార్డెన్ కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. ట్రక్కాయనకి ఆరువందల పద్దెనిమిది. మా అభ్యర్థికి మూడువందల తొంభై ఒకటి. తప్పు చదివారు, మళ్ళీ చదవండి అన్నాను. మళ్ళీ చదివాడు. ఆ వార్డులో 2008 నవంబరులో మనవాళ్ళకి అవతలివాళ్ళకన్నా రెండింతల ఓట్లు. ఇక టీవీ చూడక్కర్లేదు, నాకు అక్కడే తెలిసిపోయింది.

ఇంటికి వచ్చేసరికి కార్మైన్ టీవీ ముందు. కోటు తీస్తూ, ఎలా జరిగిందిది, ఎవరు వేశారు ఇన్ని ఓట్లు అన్నాను, గాలిలోకి. నేను వేశా అన్నాడు.

ముప్పై ఒక్కేళ్ళుగా యూనియన్ ఎలక్ట్రీషియన్. పుట్టి బుద్ధెరిగాక అవతలి పార్టీకి ఓటేసిన మనిషి కాదు. మా యూనియన్ ఇన్సూరెన్స్ కోసం ఎన్నిసార్లు జీతం పెంపు వదులుకున్నామో నీకు తెలుసు, ఇప్పుడు ఆ బిల్లులో దాని మీదే పన్ను వేస్తారంట, వాళ్ళకి ఒక దెబ్బ తగలాలి అనిపించింది, గెలుస్తాడని ఎవరనుకున్నారు అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. మెడ సంగతి, దుప్పట్ల సంగతి, వాడు ఆ బిల్లు కోసమే కూర్చున్నాడన్న సంగతి. కార్మైన్ ముఖం చూడలేకపోయాను. నాకెందుకు చెప్పలేదు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాకెందుకు చెప్పలేదు యెవెట్ అని ఇంకోసారి అన్నాడు.

నేను ఓటు వేయనే లేదన్న మాట మాత్రం చెప్పలేదు.

జనవరి 20, బుధవారం

నార్మండ్ ఫోన్ తీయలేదు. ఏడుసార్లు చేశాను.

జనవరి 21, గురువారం

వాడే చేశాడు. అరవై కాస్తా యాభై తొమ్మిది అయిందంటగా, ప్లేటు పెట్టి బీన్స్ లేవన్నట్టుంది అక్కా అన్నాడు. నవ్వాడు. నేను నవ్వలేదు. వాషింగ్టన్‌లో పెద్దవాళ్ళే ఇక కుదరదంటున్నారు. ముక్కలు చేసి ఒక్కో ముక్కా తెస్తామని ఒకరు, జనం మాట వినాలని ఇంకొకరు. ఏ ముక్కలో నార్మండ్ ఉంటాడో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడేం చేస్తావురా అన్నాను. వేసవి దాకా చూద్దాం అన్నాడు. చూడ్డానికి ఏముంది వేసవిలో? అడిగితే ఫోన్ పెట్టేశాడు.

జనవరి 23, శనివారం

బీన్స్ చేశాను. వాడు రాలేదు. మూడో ప్లేటు తీసి లోపల పెట్టాను.

కార్మైన్, నేను నాలుగు రోజులుగా ఉప్పు అందుకో, తలుపు వెయ్యి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఇవాళ తింటూ తింటూ, నేను ఓటేసింది పన్ను గురించి, నార్మండ్ గురించి కాదు అన్నాడు. ఆ సంగతి రాయడానికి బ్యాలెట్ మీద చోటుండదు అన్నాను. చెంచా కింద పెట్టి లేచి వెళ్ళాడు. నాకు సిగ్గేసింది. నేనేదో వేసినట్టు.

తరువాత వెనక వరండాలోంచి చప్పుళ్ళు. వెళ్ళి చూస్తే పాత ఎక్సర్‌సైజ్ సైకిల్, క్రిస్మస్ పెట్టెలు అన్నీ బయట పెట్టేశాడు. గోడకి కొత్త వైరు లాగుతున్నాడు. హీటర్‌కి ఒకటి, మంచం పక్కన దీపానికి ఒకటి అన్నాడు, నా వైపు చూడకుండా. వస్తాడో రాడో తెలియదు కదా అన్నాను. రాకపోతే హీటర్ మనకి పనికొస్తుంది అన్నాడు.

జనవరి 24, ఆదివారం

నార్మండ్ దగ్గరికి వెళ్ళి రెండు గంటలు వాదించాను. రాడట. పదకొండు మంది ముసలమ్మల వాకిళ్ళు చూసుకోవాలట. యాభై రెండేళ్ళొచ్చి బావ వరండాలో ముడుచుకోవాలా అన్నాడు. మీ రాష్ట్రాన్ని నలభై ఏళ్ళు తిట్టి ఇప్పుడు చిప్ప పట్టుకుని రావాలా అన్నాడు. ఒట్టి పొగరు అన్నాను. అదొక్కటే మిగిలిందక్కా, దానికి ప్రీమియం లేదు అన్నాడు.

గడ్డ పక్కన ఇంకోటి తేలింది. వాడు చెప్పలేదు. నేను చూశాను.

బయటికి వచ్చాక కారులో కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయేముందు వీణ్ణి నాకు అప్పజెప్పలేదు. అలాంటిదేమీ లేదు. వాడు నా తమ్ముడు, అంతే.

జనవరి 26, మంగళవారం

ఈ రోజు ఒక పని చేశాను.

ఫ్రిజ్ మీద కాగితం తీశాను. జనవరి ఒకటిన ఈ ఇంట్లో ఎవరున్నారు. కార్మైన్ పెల్లెగ్రీనో. యెవెట్ పెల్లెగ్రీనో. కింద ఖాళీ గడి. అందులో నార్మండ్ గాన్యోన్ అని రాశాను. పుట్టిన తేదీ రాశాను. పని అన్నచోట మంచు తోయడం అని రాశాను. పైన చెప్పినవన్నీ నిజమని ఒప్పుకుంటూ సంతకం చేశాను. కవరు నాలుకతో తడిపి మూసి, వీధి మలుపులో పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే వాడి దగ్గరికి వెళ్ళాను.

నిన్ను మా ఇంట్లో రాసి పంపేశాను అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఏ కాగితమో చెప్పాను. జనవరి ఒకటి నుంచి నువ్వు నలభై ఒకటి, బాబిన్ స్ట్రీట్‌లో ఉంటున్నావు, నా సంతకం ఉంది అన్నాను.

నమ్మలేదు. నువ్వా, చచ్చిన ముసలాయన్ని ఆయన పెళ్ళాం ఏడుస్తున్నా తీయించినదానివి, నువ్వా అన్నాడు. నేనే అన్నాను. నీకేమన్నా పిచ్చా, థెల్మా నీ కాగితం చూడదా, ఆ బల్ల దగ్గర నిన్ను మళ్ళీ కూర్చోనిస్తారా, శిక్షంటారే అన్నాడు. వాడు అంత కోపంగా ఉండటం చాలా ఏళ్ళుగా చూడలేదు. మఫ్లర్ ఊడి కింద పడినా చూసుకోలేదు. ఆ అబద్ధం నిజం చెయ్యడం నీ చేతిలో ఉంది, నా చేతిలో లేదు అన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పేశాను. నేను ఓటు వేయలేదని. సూప్ తెచ్చిన రోజే గడువు దాటిందని. లక్ష ఓట్ల తేడాతో పోయింది కదక్కా, నీ ఒక్కటీ ఏం చేసేది అన్నాడు. నాకు లెక్కలొచ్చు అన్నాను. నేను లెక్క గురించి చెప్పడం లేదు అన్నాను. వాడు కింద పడిన మఫ్లర్ తీసి మెడకి చుట్టుకున్నాడు. ఇక వెళ్ళు, చీకటి పడుతోంది అన్నాడు.

జనవరి 28, గురువారం

ఏ కబురూ లేదు. కార్మైన్ వరండాకి రంగు వేశాడు. ఇల్లంతా పెయింట్ వాసన.

జనవరి 29, శుక్రవారం

ఆ కాగితం థెల్మా బల్ల మీదికి చేరి ఉంటుంది. రెండు రోజులుగా బడికి సిటీ హాల్ ముందునుంచి కాకుండా చుట్టు తిరిగి వెళుతున్నాను.

జనవరి 30, శనివారం

బీన్స్ పొయ్యి మీద ఉన్నాయి. నాలుగింటికి వాకిట్లో ట్రక్కు. ముందు మంచు తోసే బ్లేడు, వెనక టీవీ, కుర్చీ, మూడు దుప్పట్లు. నార్మండ్ దిగాడు. గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ, నీ అబద్ధం సరిచెయ్యడానికొచ్చా, నాలుగు వారాలు లేటు అన్నాడు. ముసలమ్మల సంగతేంటి అన్నాను. మంచు పడ్డప్పుడు పోతా, సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టు అక్కర్లేదుగా అన్నాడు.

కార్మైన్ కుర్చీ మోసుకుంటూ వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. బావా, అక్క చెప్పింది, నువ్వు ట్రక్కాయనకి వేశావంటగా, ఈ రాష్ట్రంలో ఉండి ఉంటే నేనూ ఆయనకే వేసేవాణ్ణేమో, మనిషి నా ట్రక్కులాంటి ట్రక్కే నడుపుతాడు అన్నాడు. కార్మైన్ కుర్చీ కింద దించాడు. దీపం స్విచ్చి ఎక్కడుందో చూపిస్తా రా అని లోపలికి తీసుకెళ్ళాడు.

ఫిబ్రవరి 1, సోమవారం

నార్మండ్‌ని వెంటబెట్టుకుని సిటీ హాల్‌కి వెళ్ళాను. దారిలో చెప్పాల్సింది పదిసార్లు అనుకున్నాను. తీరా థెల్మా ముందు నిలబడ్డాక, నేను నీకు అబద్ధం రాసి పంపాను అని మాత్రం వచ్చింది.

థెల్మా సొరుగులోంచి నా కవరు తీసింది. తెరిచే ఉంది, కట్టలో కలపలేదు. గురువారం చూశాను, సోమవారం దాకా ఆగుదామనుకున్నా, ఇవాళ రాకపోతే నేనే వచ్చేదాన్ని అంది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. నార్మండ్ పేరు మీద అడ్డంగా గీత కొట్టించి, పక్కన నా పొట్టి సంతకం పెట్టించింది. వేరే ఫారం ఇచ్చి, వచ్చింది ఎప్పుడో అప్పుడే రాయి అంది. జనవరి ముప్పై. పందొమ్మిదేళ్ళకి ఒక తప్పు, ఇంకోటి వద్దు యెవెట్ అంది. చెవులు కాలిపోయాయి.

తరువాత వాడి వైపు తిరిగి, ఇక్కడే ఉండిపోయే ఉద్దేశమేనా అని అడిగింది. అడగడం ఆవిడ పని. ఓటరుగా చేరాలన్నా, కింద గదిలో ఇన్సూరెన్స్ దరఖాస్తు పెట్టాలన్నా ఆ ఒక్క మాట కావాలి. వాడు టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషంలో ఏదేదో అనుకున్నాను. అవును అన్నాడు.

బయటికి వచ్చాక, ఆ ప్లేటు మార్చాలి కదా అన్నాడు, ట్రక్కు వైపు చూస్తూ. ఏదో కుక్కని అమ్మేయాల్సి వచ్చినవాడిలా ఉన్నాడు పాపం.

ఫిబ్రవరి 19, శుక్రవారం

అదే జబ్బు. తిరిగొచ్చింది. డాక్టర్ మాటలు దాచుకునే రకం కాదు. ఇంకో రెండు మూడు నెలలు ఊరుకుని ఉంటే నాకు చేయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు, ఇప్పుడైతే ఉంది అంది. నార్మండ్ నా వైపు తిరిగి, కాగితం మీద పడ్డా అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు.

మార్చి 21, ఆదివారం

బిల్లు పాసయింది.

ఎవరూ అనుకోలేదు. అరవయ్యో మనిషి లేకుండానే, సెనేట్ డిసెంబరులో ఒప్పుకున్న బిల్లునే మరో సభ ఉన్నది ఉన్నట్టు పాస్ చేసేసింది. రాత్రి టీవీలో చప్పట్లు, కౌగిలింతలు. నార్మండ్ సోఫాలో దుప్పటి కప్పుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. రెండో విడత కీమో అయి మూడు రోజులు. జుట్టంతా పోయింది. అంటే నేను అక్కడే కూర్చుని ఉంటే జులైకి నాకూ ఇన్సూరెన్స్ వచ్చేదన్నమాట అన్నాడు.

జులై అంటే ఎన్ని నెలలో ముగ్గురికీ తెలుసు. కార్మైన్ లేచి వెళ్ళి గిన్నె కడిగి తెచ్చి మళ్ళీ వాడి ఒళ్ళో పెట్టాడు.

ఏప్రిల్ 10, శనివారం

బీన్స్ మూడు చెంచాలు తిన్నాడు. నాలుగోది అడిగాడు.

జులై 16, శుక్రవారం

ట్రక్కు పాత నంబరు ప్లేటుని వరండా గోడకి మేకులు కొట్టి పెట్టుకున్నాడు. నిద్ర లేవగానే కనపడాలట. పెట్టుకోనీ. స్కాన్ వచ్చే గురువారం.

జులై 22, గురువారం

ఏమీ కనపడలేదట. స్కాన్‌లో. ఏమీ.

నవంబరు 2, మంగళవారం

థెల్మా నన్ను మా బడికే తిరిగి వేసింది. ఏడింటికి పెట్టె తెరవగానే మొదటి ఓటు నాది.

పదీ నలభైకి నా ముందు నార్మండ్. టోపీ తీశాడు. కొత్త జుట్టు కోడిపిల్ల నూగులా ఉంది. తెలియనిదానిలాగే వీధి, నంబరు, పేరు అడిగాను, అలాగే అడగాలి. చెప్పాడు. జాబితాలో మా ఇద్దరి పేర్ల పైనే ఉంది. మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా చెప్పాను. వెనక లైను ఆగింది. వినపడలేదు మేడమ్, గట్టిగా చెప్పాలంటగా మీ రాష్ట్రంలో అన్నాడు.

గాన్యోన్, నార్మండ్. నలభై ఒకటి, బాబిన్ స్ట్రీట్.

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గీత పెట్టాను.